రాజుగారే మూట

సాయంత్రం కావస్తోంది. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. కొండవాగు బురదరంగు తిరిగి ఒడ్డు కోస్తోంది.

వాగుకు ఈ పక్క ఊళ్ళు, ఆ పక్క మన్యం. మన్యం ఒడ్డున తెప్ప కట్టి నిలబడింది నూకాలు.

ఆ సీమను ఏలేది ఉద్దండవర్మ అనే రాజు. కొండ మీది గూడేలకు ఉప్పు, మందులు, గుడ్డలు రాజ్యం ఖర్చుతోనే వెళ్ళేవి. కావిళ్ళవాళ్ళు మోసేవారు, నూకాలు వాగు దాటించేది. ఒకనాడు ఆ ఖర్చు విని రాజుగారు ఉలిక్కిపడ్డారు.

"వెళ్ళేటప్పుడు భుజాన మూట ఉంది, సరే. దింపేసి వచ్చేవాడికి తెప్ప ఎందుకు? ఈదుకు రమ్మనండి!"

సభంతా చప్పట్లు. ముద్ర వేసిన మూటా, దాన్ని మోసేవాళ్ళూ తప్ప ఎవరూ తెప్ప ఎక్కరాదని చాటింపు వేశారు. పండితులు రాజుగారికి 'వ్యయసంహారి' అని బిరుదిచ్చారు. బిరుదిచ్చిన సభకు ఎంత ఖర్చయిందో ఎవరూ అడగలేదు.

పోయిన వానల్లో నూకాలు చిన్నకొడుకు పైడయ్య పైన మందులమూట దింపి, ఈదుకు వస్తూ వాగులో పోయాడు. మూట క్షేమంగా చేరిందని కోటలో సంతోషించారు.

ఇవాళ రాజుగారు గూడెంలో తానే గుడ్డలు పంచి జేజేలు కొట్టించుకుందామని బయలుదేరారు. లాంఛనంగా ఒక మూట మీద చెయ్యి వేసి తెప్ప ఎక్కారు. ముద్రాధికారి వేంకటపతి ఇంకో మూట మీద చెయ్యి వేశాడు. మూటలు అయిపోయాయి గనక భటులు పల్లకీతో ఊరి ఒడ్డునే ఆగిపోయారు.

మన్యం ఒడ్డున కావిళ్ళవాళ్ళు తడుస్తూ కూర్చుని ఉన్నారు. పైన ఉప్పు దింపి మధ్యాహ్నమే వచ్చారు. వాళ్ళలో నూకాలు పెద్దకొడుకు ఎర్రన్న ఉన్నాడు.

"చీకటి పడితే ఇంకా పెరుగుద్దమ్మా. ఈదేస్తాం," అన్నాడు పంచె బిగిస్తూ.

"కూర్చో."

"ఎంతసేపే?"

"కూర్చోమన్నానా!"

అంతలో రాజుగారు మెడనిండా పూలదండలతో దిగివచ్చారు. తెప్ప మీద కాలు పెట్టబోతే నూకాలు గడకర్ర అడ్డం పెట్టింది.

"మూట ఏది మారాజా?"

"మూటేమిటి? పంచేశాం గదా!"

"అయితే ఈదాల." చేత్తో చూపించింది. "మా వాళ్ళు ఆ రాయి దగ్గర దిగుతారు."

వేంకటపతి గంతేశాడు. "ఒసేయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? తల లేచిపోతుంది!"

"పోనీండి బాబూ. ఈ సుడిలో గడ వెయ్యడం మీకొచ్చా?"

వేంకటపతి సుడి వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆ ఆజ్ఞ తీసేశానని ఒక్కమాట అనండి మారాజా. అందరం దాటుదాం," అంది నూకాలు.

రాజుగారు మీసం దువ్వారు. నీళ్ళు కారాయి. "ఉద్దండవర్మ ఇచ్చిన ఆజ్ఞ ఉద్దండవర్మ కూడా తుడవలేడు!"

"అయితే మీరే మూట కండి."

గుడ్డలు పంచాక వెనక్కి తెచ్చిన పెద్ద గోనె అక్కడే పడి ఉంది. రాజుగారు గోనె వంక చూశారు, వాగు వంక చూశారు. నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి. గోనెలో కాళ్ళు పెట్టారు. నూకాలు మెడ దాకా లాగి తాడు బిగించింది. వేంకటపతి గోనె మీద ముద్ర కొట్టాడు.

"బరువెంతో చెప్పండి బాబూ. బరువును బట్టే గదా మోసేవాళ్ళను రాస్తారు."

గోనెలోంచి రాజుగారు తననే చూస్తున్నారు. వేంకటపతి చేతులు జోడించాడు. "ప్రభువుల బరువు కొలవడం మానవమాత్రుల వల్ల అవుతుందా!"

"కాదు. నలుగురూ ఐదుగురూ చాలరు," అంది నూకాలు. "లేవండ్రా, అందరూ తలా ఓ చెయ్యి వెయ్యండి."

కావిళ్ళవాళ్ళు ఒక్కసారిగా లేచారు. గోనె అంచు దొరికినవాడు అంచు, తాడు దొరికినవాడు తాడు పట్టుకున్నారు.

"మరి నేనో?" అన్నాడు వేంకటపతి.

"మీరూ పట్టండి బాబూ."

నడివాగులో తెప్ప ఒరిగింది. "గట్టిగా పట్టుకోండిరా!" అని అరిచింది మూట.

"పట్టుకున్నాం మారాజా," అన్నాడు ఎర్రన్న. "మూట తడిస్తే కూలి కోస్తారు గదా."

ఊరి ఒడ్డున తాడు విప్పారు. రాజుగారు బయటికి వచ్చి చుట్టూ ఉన్నవాళ్ళను చూశారు. అప్పుడు తెలిసింది. పొట్ట పట్టుకుని నవ్వారు.

"నా ఆజ్ఞతోనే అందరినీ దాటించావే! ఏం కావాలో కోరుకో."

"మూట లేనివాడికీ తెప్ప."

"ఇచ్చాం! ఆజ్ఞ తుడిచేశాం!" మెడలోని హారం తీసి ఆమె గడకర్రకు తగిలించారు. భటులూ నవ్వారు. పల్లకీ మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.

తుడవలేని ఆజ్ఞ ఎంతలో తుడుచుకుపోయిందో చూస్తూ నిలబడింది నూకాలు. తర్వాత ఒక్కొక్క తడి భుజాన్నీ తాకుతూ లెక్కపెట్టింది. ఎర్రన్న. దాలయ్య. దాలయ్య తమ్ముడు. సన్నాసి. గౌరినాయుడు. కుంటుకుంటూ లచ్చన్న.

అక్కడ ఆగింది. చెయ్యి గాలిలోనే ఉంది.

"అందరం వచ్చేశాం గదమ్మా," అన్నాడు ఎర్రన్న మెల్లగా.

"ఆఁ. వచ్చారు," అంది.

మళ్ళీ ఎర్రన్న భుజం దగ్గర మొదలుపెట్టింది.