నీళ్లకు వదిలిన గింజలు

అనగనగా పిల్లలూ, చలిదేశపు అడవుల నడుమ ఒక పెద్ద సరస్సు. దాని ఒడ్డున ఒజిబ్వే ప్రజలు ఉండేవారు. ఆ సరస్సులో వరిలాంటి ధాన్యం దానంతట అదే పెరిగేది. ఆకులు రాలే కాలంలో వాళ్లు బెరడు పడవల్లో వెళ్లి, ధాన్యపు వెన్నులు వంచి, కర్రలతో మెల్లగా తట్టేవారు. కొన్ని గింజలు పడవలో పడేవి, కొన్ని నీళ్లలో పడేవి. చలికాలమంతా ఆ గింజలే వాళ్ల తిండి.

నీళ్లలో పడే గింజల్ని చూస్తే వాసేయా అనే అమ్మాయికి ప్రాణం ఉసూరుమనేది.

"ఎంత దండగో!" అనుకునేది.

ఆ ఏడు వాళ్ల అవ్వకి మోకాళ్ల నొప్పులు. ఒడ్డునే కూర్చుని గింజలు వేయిస్తోంది. అందుకని వాసేయా, అన్న నీగాన్‌తో పడవెక్కింది. గింజ నీళ్లలో పడకుండా పడవకి రెండు వైపులా చాపలు కట్టింది.

"పడవకి రెక్కలొచ్చాయే! ఎగురుతుందా ఏంటి?" అన్నాడు నీగాన్.

"నువ్వు గెడ వెయ్యి, చాలు!" అంది వాసేయా.

ఒక బాతు ఈదుతూ వచ్చింది. "పాపా, నా వాటా ఏదీ?"

"పోయి పురుగులు తిను!"

కాసేపటికి మళ్లీ వచ్చింది. "పోనీ, నాకొద్దు. సరస్సు వాటా అయినా వదులు."

"సరస్సుకి నోరుందా, తినడానికి?"

మూడోసారి వచ్చిన బాతు చాపల వంక చూసింది. రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది.

పడవ నిండా గింజలు చూసి అవ్వ ఆశ్చర్యపోయింది. "ఇన్నెలా వచ్చాయే?"

"అంతా నా తెలివి, అవ్వా!"

మరుసటి ఏడు సరస్సులో వాసేయా గింజలు రాల్చిన మూల అంతా ఒట్టి నీళ్లే. ఒక్క వెన్ను లేదు. అవ్వ చాపల సంగతి విని నిట్టూర్చింది. "నీళ్లలో పడేవే కదే మన విత్తనాలు!"

వాసేయా పరుగున వెళ్లి, బుట్టలో మిగిలిన పాత గింజలు తెచ్చింది. "ఇవి చల్లుదాం!"

"వేయించినవి మొలవవు, తల్లీ."

వాసేయా ఒడ్డున కూర్చుని ఏడ్చింది. బాతు పక్కన వాలింది.

"వాగు మూల పచ్చి గింజలున్నాయి. మావాళ్లు అక్కడే తింటున్నారు. మా వాటాలోంచి తీసుకో."

"నేను నీకు ఇవ్వలేదుగా?"

"ఇవ్వలేదు. అందుకే ఆకలంటే ఏంటో నాకు తెలుసు."

వాసేయా పచ్చి గింజలు తెచ్చి, ఖాళీ అయిన తమ మూలలో నీళ్ల అడుగున మెత్తటి బురదలో పడేలా చల్లింది. ఆ చలికాలం చేపలతో, ఇరుగుపొరుగు పెట్టిన గింజలతో గడిచింది. మళ్లీ ఆకులు రాలే నాటికి ఆ మూల వెన్నులు ఊగాయి.

వాసేయా తమ ఆచారం ప్రకారం చిటికెడు పొగాకు నీళ్లలో వదిలింది. "మీగ్వెచ్" అంది. వాళ్ల భాషలో అది కృతజ్ఞత చెప్పే మాట. ఈసారి పడవకి చాపలు లేవు. కర్రతో మెల్లగా తట్టింది. గింజలు టప్‌టప్‌మని నీళ్లలో పడ్డాయి.

"నా వాటా ఏదీ?" అంది బాతు.

"వెనకాలే రా. పడుతూనే ఉంటుంది" అని నవ్వింది వాసేయా.

నీతి: మన కడుపు నింపే నేలకూ నీటికీ కొంత వదిలితేనే, అవి మళ్లీ మనకు పెట్టగలవు.