కుళ్లాయమ్మ రాసిన నాలుగు ముక్కలు

జిలానీ గురువు దగ్గరికి వచ్చింది దేవుణ్ని తెలుసుకోవాలని. గురువు అతని చేతిలో సుద్దముక్క పెట్టాడు.

గురువు ఉండే దర్గా నాపరాతి గనుల పక్కన ఉంది. దాని వెనక, రేకుల కప్పు కింద, గని కూలీల పిల్లలకు ఒక చిన్న బడి. దర్గా పెద్ద అయిన ఆ గురువు, ఖలీల్ బాబా, తనే దాన్ని నడుపుతున్నాడు. "పిల్లలకు రాత నేర్పు నాయనా. తక్కిన సంగతి తర్వాత చూద్దాం" అన్నాడాయన. జిలానీకి కొంచెం చిన్నతనంగానే తోచింది. అయినా గురువు మాట కాబట్టి తలవంచాడు.

తలవంచాక పనిలో మనసు పెట్టాడు. అతని దస్తూరి అందం అంతా ఇంతా కాదు. శుభలేఖ రాయించుకోవాలంటే చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు అతని కోసం కాచుక్కూర్చునేవారు. ఆరు నెలల్లో మూడో తరగతి పిల్లల చేత కూడా అలాగే, కొమ్ములూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ ఉండేలా రాయించాడు. ఆ సంగతి తలుచుకుంటే రాత్రి భోజనం కూడా రుచిగా ఉండేది.

అంతలో ఇన్‌స్పెక్టరు శనివారం బడి చూడ్డానికి వస్తున్నట్టు కబురొచ్చింది. మంగళవారం నాడు జిలానీ బోర్డు మీద 'మా ఇల్లు' అని రాసి, కింద ఐదు వాక్యాలు రాశాడు. మా ఇల్లు చాలా అందంగా ఉంటుంది. ఇంటి ముందు పూలమొక్కలు ఉన్నాయి. అలా. ముప్ఫై ఇద్దరు పిల్లల్లో ముప్ఫై ఒక్కరు పొల్లు పోకుండా దించారు. ముప్ఫై ఒక్క ఇళ్ల ముందూ పూలమొక్కలు వచ్చేశాయి.

కుళ్లాయమ్మ మాత్రం బోర్డు వైపు చూడలేదు. తల వంచుకుని తనకు తోచిందేదో రాసి ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం బడి వదిలాక జిలానీ ఆ పిల్ల పుస్తకం పట్టుకుని బాబా దగ్గరికి వెళ్లాడు. గురువారమంటే దర్గాలో కాలు పెట్టడానికి చోటుండదు. జనం అప్పుడే వస్తున్నారు. బాబా అరుగు మీద కూర్చుని ఒక ముసలావిడ చెప్పేది వింటున్నాడు. ఆవిడ వెళ్లేదాకా ఆగి, జిలానీ పుస్తకం ముందు పెట్టాడు.

"ఈ పిల్లను మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడదాం బాబా. ఇన్‌స్పెక్టరు ఈ పుస్తకం చూస్తే పరువు పోతుంది."

బాబా కళ్లజోడు పెట్టుకున్నాడు. పేజీలో ఐదు ఎర్ర సున్నాలు. వాటి మధ్యలోంచి మెల్లగా, పైకే చదివాడు.

"మా ఇల్లు గొడ పడింది. అమ కాలు మింద పడింది. అమ లేసేకి రాదు. నేనే సంగటి చేస్తా."

తలెత్తి అడిగాడు. "ఇది చదివినావా?"

"చదివినాను బాబా. నాలుగు వరసల్లో ఐదు తప్పులు. బోర్డు మీదిది ఒక్క ముక్కా దించలేదు."

"చదివినావా?" అని మళ్లీ అడిగాడు బాబా.



బాబా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చేతికర్ర అందుకుని అరుగు దిగాడు. గురువారం పూట ఆయన దర్గా గడప దాటగా ఎవరూ చూసి ఎరగరు. జనం లేచి నిలబడ్డారు.

"యాడికి బాబా?" అన్నాడు జిలానీ వెనకాలే పరుగెత్తుతూ.

"మనకు ఉత్తరం వచ్చింది. రెండు దినాలయింది వచ్చి."

గని దారి ఎండకు కాలిపోతోంది. ఇద్దరూ ఆ దారినే నడిచారు. రాతి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన గుడిసెల వరసలో చివరిదానికి ఒక పక్క గోడ లేదు. ఆ రాళ్లు అక్కడే కుప్పగా పడి ఉన్నాయి. మిగిలిన నీడలో కుళ్లాయమ్మ తల్లి నాగక్క గోనెపట్టా మీద పడుకుని ఉంది. మోకాలి కింద గుడ్డ చుట్టి ఉంది. పాదం నల్లగా వాచిపోయింది. పొయ్యి దగ్గర ఆ పిల్ల, తన చేతికన్నా పొడుగైన తెడ్డుతో సంగటి కెలుకుతోంది.

బాబాను చూసి నాగక్క లేవబోయి, లేవలేక మూలిగింది.

"పడుకో తల్లీ. ఎప్పుడు పడింది గోడ?"

"ఆదివారం సామీ. ఏం లేదు, రెండు దినాలకు అదే తగ్గుతాది." గొంతు తగ్గించింది. "మేస్త్రికి తెలీనియ్యొద్దు సామీ, నీ కాళ్లు మొక్కుతా. జొరమని చెప్పినా. కాలిరిగిందంటే నా పని ఇంకొకరికిచ్చి, ఈ గుడిసె గూడా ఖాళీ చెయ్యమంటాడు. ఈ పిల్ల నాయన పోయినప్పట్నుంచి మాకు ఇదే నీడ."

అని, కూతురి వైపు తిరిగింది. "ఎవురికీ చెప్పొద్దంటి గదే నీకు! బడికి పో, నోరు మూసుకుని రా అని చెప్పలేదా?"

కుళ్లాయమ్మ తెడ్డు వదిలేసి నిలబడింది.

"నేను చెప్పలేదు మా" అంది. "అయ్యవారికి రాసినా. అంతే."

జిలానీ ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు. పక్క గుడిసెలోకి వెళ్లి నులకమంచం అడిగి తెచ్చాడు. నాగక్కను దాని మీదికి చేర్చి, తలవైపు తనే పట్టాడు. పక్కింటివాళ్లు ఇద్దరు కాళ్లవైపు పట్టారు. బాబా ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక నడిచాడు.

రోడ్డెక్కాక రాళ్ల లారీలో పట్నం తీసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు కాలు చూసి, ఎముక రెండుచోట్ల విరిగిందన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగుంటే కాలు తీసెయ్యాల్సి వచ్చేదని జిలానీని పక్కకు పిలిచి చెప్పాడు. కట్టు కట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చాక, కట్టు విప్పేదాకా తల్లీకూతుళ్లు దర్గా వెనక గదిలో ఉండేటట్టు బాబా ఏర్పాటు చేశాడు. మేస్త్రితో తనే మాట్లాడతానన్నాడు.

పొద్దుగూకే వేళకు గురుశిష్యులిద్దరూ తిరుగు బస్సు కోసం రోడ్డు పక్క నిలబడ్డారు. కుళ్లాయమ్మ ఆసుపత్రిలో తల్లి దగ్గరే ఉండిపోయింది. 

"బాబా" అన్నాడు జిలానీ. "అయితే తప్పులు దిద్దొద్దా?"

బాబా దూరంగా వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు.

"ఎందుకు దిద్దవు? దిద్దాల. జవాబిచ్చినాక దిద్దు."