మడుగులో పడ్డ రాళ్లు

ఆ చెరువు ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి. చెబితే ఆదివారం పూట బండి కట్టుకుని పోయి, పక్షుల్ని బెదరగొట్టి, పల్లీ పొట్లాలు అక్కడే పారేసి వస్తారు. పెద్ద చెరువు, అంతే అనుకోండి. నడిమధ్య నీళ్లలో తుమ్మచెట్లు, వాటి మీద గూడబాతుల గూళ్లు. ముక్కు కింద సంచి వేలాడుతూ ఉంటుందే, ఆ పక్షులు. ఒడ్డున ఇసుకదిబ్బ, దిబ్బ నిండా మొగలిపొదలు, పొదల కింద బొరియల్లో నక్కలు. చెట్లకీ ఒడ్డుకీ మధ్య లోతైన మడుగు.

ఈ కథకి ముందటేడు వానల్లేక మడుగు ఎండిపోయింది. నక్కలు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కింది కొమ్మల గూళ్లన్నీ ఊడ్చేసి పోయాయి. ఈ ఏడు నీళ్లు బాగానే ఉన్నాయి. అయినా ఒకసారి పట్టిన భయం అంత తేలిగ్గా వదులుతుందా? గూడబాతుల పెద్ద భద్రాచలం తాత అందర్నీ కూర్చోబెట్టి, "వాళ్లు వచ్చేదాకా ఆగితే మళ్లీ అదే గతి. మనమే పోయి వాళ్ల బొరియలు రాళ్లతో పూడ్చేద్దాం" అన్నాడు. అలా పుట్టింది రాతిదండు. ముప్పై మందికి పైనే చేరారు.

దండు బతుకు ఎలా ఉండేదో చెబుతాను. పొద్దున్నే కూలిపోయిన పాత లాకు గోడ దగ్గర చేరి, తలా ఒక మారేడుకాయంత రాయి సంచిలో వేసుకోవాలి. ఎండెక్కి గాలి పైకి లేచేదాకా కొమ్మల మీద కూర్చోవాలి. ఎగరడం కంటే ఈ కూర్చోవడమే కష్టం. ఒకడు దువ్విన రెక్కనే మళ్లీ దువ్వుకుంటాడు. ఒకడు నిన్న తిన్న చేప గురించి నాలుగోసారి చెబుతాడు. ఆదినారాయణ అనే అతను బయల్దేరే ముందు తన కొమ్మని ముక్కుతో మూడుసార్లు తాకేవాడు. చూసి ఎవరూ నవ్వేవాళ్లు కారు, ఎందుకంటే అలాంటిదేదో ఒకటి అందరికీ ఉంది.

గాలి లేవగానే తాత ముందు, మిగతావాళ్లు వెనక, బారు తీరి దిబ్బ మీదికి పోయేవాళ్లు. బొరియ కనపడ్డాక బాగా కిందికి దిగి నోరు తెరవాలి. దిగితేనే గురి కుదురుతుంది. దిగితేనే గద్దలకి దొరుకుతారు కూడా. నక్కలు వదిలేసిన ఎముకల మీద బతికే గద్దలు ఆ దిబ్బ మీద చాలా ఉన్నాయి. తిన్న ఉప్పుకి విశ్వాసంగా అవి గూడబాతుల కళ్ల మీదికి దూకేవి. అందుకే వెళ్లేటప్పుడే బారు, వచ్చేటప్పుడు ఎవరి దారి వాళ్లదే.

మధ్యాహ్నానికి లాకు గోడ దగ్గర తాత ఒక్కొక్కరి పేరూ పిలిచి, "ఎక్కడ పడింది?" అని అడిగేవాడు. "బొరియ మీదే తాతా" అనగానే చెట్లన్నీ రెక్కలు కొట్టేవి. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే మూడోసారి పిలిచేవాడు కాదు. ఆ కొమ్మ మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కారు. నేను చెప్పే రోజుకి అలాంటి ఖాళీ కొమ్మలు అయిదున్నాయి.

ఇంకో కట్టడి ఉంది. మొదట్లో ఒకతను వేయకుండా మిగిల్చిన రాయితోనే గూటి మీద వాలితే కొమ్మ విరిగి గుడ్లన్నీ నీళ్లలో పడ్డాయి. అప్పటినుంచి రాయితో ఇంటికి రాకూడదు. వేయలేకపోతే దారిలో ఎక్కడైనా పారేసి, ఆ సంగతి వచ్చి తాతకి చెప్పాలి. రెండు నెలల్లో అలా వచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

సింహాద్రి కూడా చెప్పలేదు. మొదటి మూడు రోజులు అతను బాగానే దిగి వేశాడు. నాలుగోరోజు పక్కనే ఎగురుతున్న బావమరిది కంట్లో గద్ద పొడిచింది. బావమరిది గిరగిరా తిరుగుతూ మొగలిపొదల్లో పడిపోవడం సింహాద్రి చూశాడు. ఆ తర్వాత అతని రెక్కలు కిందికి దిగనని మొండికేశాయి. పైపైనే ఒక చుట్టు చుట్టి వెనక్కి వచ్చేవాడు. మడుగు వంపులో జమ్ము దట్టంగా పెరిగి చెట్లకి కనపడని చోటు ఒకటుంది. అటూ ఇటూ చూసి అక్కడ రాయి వదిలేసి, తాత ముందుకెళ్లి "బొరియ మీదే" అనేవాడు.

గూట్లో అతని భార్య మంగతాయారు మూడు గుడ్ల మీద కూర్చుని ఉండేది.

"చూసుకుని దిగావా?"

"ఆ."

"మా తమ్ముణ్ణి పడేసిన చోటే వేశావా?"

"అక్కడే వేశాను మంగా" అని ముక్కు రెక్కలో దాచుకునేవాడు.

ఇక అవతల ఒడ్డు సంగతి. నక్కల పెద్ద గవర్రాజు. ఒకరోజు అతని అనుచరుడు వచ్చి, "రాజుగారూ, ఇవాళ రెండు రాళ్లే పడ్డాయండి. మొదట్లో ముప్పై పడేవి. దండు పని అయిపోయినట్టే" అని నవ్వాడు.

"మిగతా రాళ్లెక్కడ పడుతున్నాయో చూసొచ్చావా?"

"లేదండి."

"నేను చూసొచ్చాను. మడుగు వంపులో పడుతున్నాయి. ఒక్కొక్కడూ వస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, వేస్తాడు, పోతాడు. ఇంకొకడు కూడా అక్కడే వేస్తున్నాడని ఏ ఒక్కడికీ తెలియదు."

"పిరికి సన్నాసులు."

"నవ్వకు. అందరూ ఏడవండి" అన్నాడు గవర్రాజు. "రేపటినుంచి వాళ్లు పైన తిరిగినంతసేపూ నడుములు విరిగినట్టు ఏడవండి. తన రాయి పడకపోయినా పక్కవాడి రాయి తగిలిందని ప్రతివాడూ నమ్మాలి. నమ్మితే రోజూ వస్తారు, రోజూ ఆ వంపులో వేస్తారు. మనం అడక్కుండానే మనకి బాట వేసిపెడుతున్నారు. మనం ఎందుకు చెడగొట్టుకోవాలి?"

నక్కలకి ఏడవడం ఎవరైనా నేర్పాలా? అప్పట్నుంచి రోజూ కమ్మగా ఏడ్చాయి. రాళ్ల మీద గుర్రపుడెక్క చిక్కుకుని పచ్చగా పరుచుకుంది. పైనుంచి చూసేవాళ్లకి అది నీటి కలుపు తప్ప ఇంకేమీ అనిపించదు.

ఒక మధ్యాహ్నం సింహాద్రి ఎప్పట్లాగే వంపు మీదికి వచ్చి నోరు తెరవబోయాడు. కింద నీళ్లలోంచి, "ఆగు నాయనా, నా నెత్తి మీద వేయకు" అని వినపడింది. మడుగు అడుగున ఉండే ముసలి తాబేలు పేరమ్మ.

సింహాద్రి టక్కున నోరు బిగించాడు. కిందికి వాలి, రాయి సంచిలో ఉండగానే గొణిగాడు. "మామ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకు. మంగకి తెలిస్తే నా ముఖం చూడదు. రేపటినుంచి ఇంకో చోట వేస్తాను."

"నీ ఒక్కడి రాళ్లే అయితే కాస్త పక్కకి జరిగి పడుకునేదాన్ని. నీ వెనక ఆదినారాయణ వస్తాడు. వాడి వెనక ఇంకొకడు. మొత్తం ఇరవై ఆరుగురు. నేను ఇప్పటికి నాలుగు ఇళ్లు మారాను."

దాచడమెందుకు, అది వినగానే సింహాద్రికి మొదట కలిగింది సంతోషం. రెండు నెలలుగా లోకంలో తానొక్కడే పిరికివాడినని కుమిలిపోతున్నవాడు కదా. పేరమ్మ అతని ముఖం చూసి కనిపెట్టింది.

"మురిసింది చాలు. కాళ్ల కింద చూసుకో."

చూసుకున్నాడు. నిలువు లోతు ఉండాల్సిన చోట నీళ్లు అతని మోకాలికి కూడా రావడం లేదు. కాళ్ల కింద రాళ్లు. అవతల ఒడ్డున తడి మట్టిలో నక్క అడుగులు, నీళ్లలోకి దిగినవీ తిరిగి ఎక్కినవీ.

"గవర్రాజు పొద్దున్నే నడిచి చూసుకుని పోయాడు" అంది పేరమ్మ. "రేపు మీ దండు బయల్దేరగానే మందతో వస్తాడట. గూళ్లలో పొదిగేవాళ్లు తప్ప ఇంకెవరుంటారని నవ్వాడు. అసలు మీరు కదలకుండా కూర్చుంటే ఈ ఏడు ఈ నీళ్లే మీకు కాపలా కాసేవి."

సింహాద్రి పైకి లేచాడు. ఎవరికీ తెలియకుండా ఒక్కడే ఆ రాళ్లు తీసేద్దామా అని కూడా ఆలోచించాడు. అంతమంది రెండు నెలలు వేసినవి ఒక్క సంచితో ఒక్క పూటలో తీరేవి కావు. మూడు గుడ్లూ కళ్ల ముందు మెదిలాయి. ఒకదాంట్లో పిల్ల అప్పటికే లోపల్నుంచి పొడుస్తోందని మంగ ఆ పొద్దున్నే చెప్పింది.

లాకు గోడ దగ్గర తాత పేర్లు పిలుస్తున్నాడు.

"సింహాద్రీ."

"ఉన్నాను తాతా."

"ఎక్కడ పడింది?"

సింహాద్రి నోరు తెరిచి రాయిని తాత కాళ్ల ముందు పెట్టాడు. "ఎక్కడా పడలేదు. ఇదిగో. నాలుగోరోజు నుంచి ఒక్కటి కూడా దిబ్బ మీద వేయలేదు తాతా. భయమేసింది. అన్నీ మడుగు వంపులో వేశాను."

ఎవరి రెక్కా కదల్లేదు. పక్క చెట్టు మీద గూట్లోంచి మంగతాయారు మెడ చాచి చూస్తోంది. సింహాద్రి అటు చూడలేకపోయాడు.

తాత ఆ రాయిని ముక్కుతో పక్కకి నెట్టాడు. "అయిదు కొమ్మలు ఖాళీ అయ్యాయిరా. నువ్వు రోజూ నా ముందు నిలబడి రెక్కలు కొట్టించుకున్నావు."

"కొట్టించుకున్నాను. నన్ను తర్వాత ఎంతైనా తిట్టు. ఆ వంపులో ఇప్పుడు బాట తయారైంది. రేపు మనం బయల్దేరగానే నక్కలు దాని మీద నడిచి వస్తాయి. ఒక్కడి రాళ్లతో బాట పడదు తాతా. మిగతావాళ్లు ఎవరో నేను చెప్పను. వాళ్లే చెబితే అందరం కలిసి ఈ పూటే తీసేయగలం."

ఆదినారాయణ గోడని ముక్కుతో మూడుసార్లు తాకాడు.

"అందులో నావీ ఉన్నాయి" అన్నాడు.

"నావి కూడా" అని వెనకనుంచి ఒకడు. ఆ తర్వాత తలలు దించుకుని ఒక్కొక్కరే ముందుకొచ్చారు. ఇరవై ఆరుగురూ వచ్చారు. ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుని, నువ్వు కూడానా అని నోరు వెళ్లబెట్టారు.

భద్రాచలం తాత అందరి వంకా చూసి గోడ మీద కూలబడ్డాడు. "నాకు తెలుసురా" అన్నాడు మెల్లగా. "ముప్పై మంది దాటిపోతే రెండు చప్పుళ్లే వినపడుతుంటే తెలియకుండా ఉంటుందా? నక్కల ఏడుపు విని, అదే చాలనుకున్నాను. గట్టిగా అడిగితే మీరు నిజం చెబుతారు. చెబితే, రేపు ఇంకా కిందికి దిగమని నేను చెప్పాలి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది."

గూట్లోంచి మంగతాయారు గొంతు వినపడింది. "ఏవయ్యా, నీతో ఇంటికొచ్చాక మాట్లాడతాను. ముందు ఆ రాళ్లు తీయి."

నీళ్లలో ముంచి తీయడం గూడబాతులకి పుట్టుకతో వచ్చిన పని. దిబ్బ మీద నక్కలు మధ్యాహ్నపు కునుకులో ఉన్నాయి. దండంతా జమ్ము చాటున చేరి, గుర్రపుడెక్క చెదరకుండా దాని కిందనుంచి రాళ్లు ఎత్తిపోసింది. బాట మొత్తం తీయలేదు. రెండు కొసలూ వదిలేసి, నడిమధ్య నాలుగు బారల మేర అడుగంటా తీసేశారు. పొద్దు వాలేసరికి పైన పచ్చదనం ఎప్పట్లాగే ఉంది, కింద నిలువు లోతు నీళ్లున్నాయి.

మర్నాడు దండు ఎప్పట్లాగే బారు తీరి బయల్దేరింది. గవర్రాజు పొదల్లోంచి చూసి, వాళ్లు కనుమరుగయ్యాక మందని బాట మీదికి నడిపించాడు. ఒకరి వెనక ఒకరుగా ఇరవై నక్కలు.

"తోసుకోకండి. మన బాటే, ఎక్కడికీ పోదు" అన్నాడు ముందు నడుస్తూ. నిన్న తాను నడిచిన చోటే కదా, చూసుకోకుండా పచ్చదనం మీద కాలు వేశాడు. వేసిన కాలుతో పాటు మిగతా మూడూ మునిగాయి. వెనకవాళ్లు ఆగలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్పుడు జమ్ము వెనకనుంచి దండు తిరిగి వచ్చింది. గద్దలన్నీ అక్కడ దిబ్బ మీద కాచుకుని కూర్చున్నాయి. సింహాద్రికి భయం పోయిందనుకోకండి, కడుపులో అలాగే ఉంది. అయినా బాగా కిందికి దిగి నోరు తెరిచాడు. రాయి గవర్రాజు వీపు మీద పడింది. ఆ పూట నక్కలు నిజంగానే ఏడ్చాయి.

మంద వెనక్కి తిరిగి పారిపోయింది. గుర్రపుడెక్క మెడకి చుట్టుకుని గవర్రాజు ఒక్కడే నీళ్లలో గింజుకుంటున్నాడు. పేరమ్మ తల పైకెత్తి చూసింది.

"నిన్న ఇక్కడ బాట ఉంది కదమ్మా?" అన్నాడు రొప్పుతూ.

"ఉంది నాయనా. మధ్యాహ్నం వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు" అంది పేరమ్మ.

ఎలాగో ఒడ్డు చేరాడు. ఆ ఏడు మళ్లీ మడుగు వంక రాలేదు.

తాత ఆ రోజు కూడా లాకు గోడ దగ్గర పేర్లు పిలిచాడు. ఎక్కడ పడిందని అడిగే ముందు, "భయమేసిందా?" అని అడిగాడు. అందరూ వేసిందనే చెప్పారు. ఎవరూ రెక్కలు కొట్టలేదు. అయిదు ఖాళీ కొమ్మల వంక చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డారు.

సింహాద్రి ఇంటికెళ్లి గూటి అంచున కూర్చున్నాడు. ఒక గుడ్డు చిట్లి, అందులోంచి తడి ముక్కు బయటికొచ్చింది. రాత్రంతా అటు తిరిగి కూర్చున్న మంగతాయారు, పెంకు ముక్కని పక్కకి నెడుతూ ఇప్పుడు నోరు విప్పింది.

"మా తమ్ముడు పడిపోయిన రోజే నాకు చెప్పి ఉంటే, ఆ భయమేదో ఇద్దరం కలిసి పడేవాళ్లం కదయ్యా."

ఈ కథలో నీతి అడిగితే ఒక్కటే చెబుతాను: మనవాళ్ల దగ్గర మనం దాచుకున్న భయం, పగవాడు మన ఇంటికి నడిచి రావడానికి పనికొస్తుంది.