మొదట పోసిన పాలు

నాగలచ్చుమ్మకు అన్యాయం జరిగింది మార్చి పంతొమ్మిదిన. ఆ ఉదయం గువ్వలపల్లె పాలకేంద్రం బోర్డు మీద ఆమె పేరు పక్కన సుద్దముక్కతో ‘కల్తీ’ అని రాశారు. పాలిచ్చే రెండు ఎనుములు తప్ప మరో ఆధారం లేని మనిషిని ఇక అక్కడ పాలు పొయ్యడానికి వీల్లేదన్నారు.

అలా రాయించినది ఒక తీగ. ఆచార్య హైమవతి గారి దగ్గర పరిశోధన చేస్తున్న ఓబులేసు తయారు చేసిన తీగ. పాలు విరగకుండా కొందరు హైడ్రోజన్ పెరాక్సైడు కలుపుతారు. దాన్ని పట్టుకోవడానికి చేశాడు. ఒట్టి ప్లాటినం తీగ పాలలో ఏది తగిలినా ఉలిక్కిపడుతుంది. అతను దాని కొనకు నీలపు పూత వేసి, పెరాక్సైడు తగిలితేనే పలికేలా మచ్చిక చేశాడు. రెండేళ్ల పని. తొమ్మిది రోజులు కేంద్రంలో కూర్చుని పరీక్షిస్తే, నలభై ఇళ్ల పాలలో ఆమె పాలకే, తొమ్మిది రోజులూ, తీగ పలికింది. ఆమె పిల్లల మీద ఒట్టేసింది. ఆడమనిషి ఒట్టును కొలిచే యంత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు కనుక అది లెక్కలోకి రాలేదు.

ఓబులేసుకు మాత్రం ఆ ఏడుపు చెవుల్లోంచి పోలేదు. మర్నాడు గురువు గదిలో నిలబడ్డాడు.

“మేడం, పూత చెడలేదు. పంచదార కలిపి చూశాను, సి విటమిన్ కలిపి చూశాను, తీగ కదల్లేదు. తీగది అబద్ధం కాదు. ఆమెదీ అబద్ధంలా లేదు. ఎవరిని నమ్మాలి?”

హైమవతి గారికి వాదనంటే విసుగు. “రేపు మొదటి బస్సుకు రా. తీగ మర్చిపోకు” అన్నారు.

ఇరవై ఒకటిన వాళ్లు చేరేసరికి కేంద్రం తలుపులు తీస్తున్నారు. హైమవతి గారు నాగలచ్చుమ్మను పాలు తీసుకుని రమ్మని పిలిపించారు.

“రోజూ ఎప్పుడొచ్చి పోస్తావమ్మా?”

“అందరికంటే ముందు.”

“ఇవాళ ఆఖరున పొయ్యి.”

“ముందొచ్చి దొంగనైతిని. ఆఖరున వస్తే దొరసానినైతానా?” అని ఆమె విసురుగా పక్కకు జరిగింది.

ఆమె జరిగిన చోటికి కేంద్రం సెక్రటరీ వెంకటాద్రి తన ఇంటి పాలు తెచ్చాడు. బోర్డు మీద రాసింది ఆ చెయ్యే. అందరి పాలూ కొలిచే ఒకే కొలపాత్రలో వాటిని పోశాడు. ఓబులేసు తీగ ముంచాడు. తీగకు తగిలించిన మీటరులో అంకె ఎగిరింది.

“మా పాలల్లోనా! నీ తీగకు పిచ్చి పట్టిందబ్బా!”

“మొన్నటిదాకా దాని మాట వేదమంటివే సెక్రటరీ!” అంది నాగలచ్చుమ్మ.

రెండో మనిషి పాలకు తీగ పలకలేదు. చిట్టచివర నాగలచ్చుమ్మ పాలకూ పలకలేదు.

కొలపాత్ర రాత్రంతా ఎక్కడుంటుందని హైమవతి గారు అడిగారు. మందునీళ్లలో నానుతుందని చెప్పి డబ్బా చూపించారు. డబ్బా మీద రాసి ఉన్నది హైడ్రోజన్ పెరాక్సైడే. పొద్దున మంచినీళ్లతో కడగరా అంటే వెంకటాద్రి ఛాతీ విరిచాడు.

“తలుపు తీశాక లోపలికి చుక్క నీళ్లు రానివ్వం మేడం! పాలల్లో నీళ్లు కలిపామని ఒక్కరూ వేలెత్తి చూపకూడదు. అది మా కట్టుబాటు.”

అని, తను అన్నది తనకే వినబడి ఆగిపోయాడు. అంత నిష్ఠగల కేంద్రంలో రోజూ ఆ పాత్రను కడిగినవి మొదట పోసిన పాలే. గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.

“ఉత్తినే చెరిపితే కాదు” అంది నాగలచ్చుమ్మ. “అందరూ చదివినారు గదా? అందరూ చదివేటట్టే రాయి.”

సుద్దముక్క చప్పుడు వింటూ ఓబులేసు తన పుస్తకం తెరిచాడు. తొమ్మిది పేజీల్లోనూ ఆమె పేరు.

“ఇవి కొట్టెయ్యనా మేడం?”

“అంకెలు కొట్టెయ్యకు, అవి నిజమే” అన్నారు హైమవతి గారు. “పేరు దిద్దు, కొలపాత్ర అని. మార్చి పదకొండు నుంచి పంతొమ్మిది దాకా, తొమ్మిది చోట్ల.”