రాజుగారి ఎడమచెయ్యి

ఒకానొక రాజ్యంలో, అంటే రాజుగారు తుమ్మితే మంత్రిగారికి జలుబు చేసే రాజ్యంలో, ఉద్దండవర్మ అనే ప్రభువు గద్దె ఎక్కారు. మనిషి చెడ్డవాడు కాదు. దానధర్మాలకు పెట్టింది పేరు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, తన కన్ను ఒకసారి ఒకటి చూశాక, బ్రహ్మదేవుడు దిగివచ్చి కాదన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన కొలువులో పేరయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడానికని అతనికి జీతమిచ్చేవారు. నిజానికి అతను చేసే పని, రాజుగారి కోపానికీ జనం మెడలకూ మధ్య అడ్డం నిలబడటం.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజు రాగానే పాత ముద్రఉంగరాన్ని కరిగించి, అదే బంగారంతో కొత్త ముద్ర చేయించాలి. ఒక రాజ్యంలో రెండు ముద్రలు ఉండకూడదని పెద్దల ఉద్దేశం. అంతవరకూ ఏ రాజు ముద్ర చూసినా అందులో ఒక తామరపువ్వే ఉండేది. ఉద్దండవర్మ కంటికి పువ్వు ఆనలేదు. తాను నిలబడి దానం చేస్తున్నట్టు నిలువెత్తు బొమ్మ కావాలన్నారు. గోరంత ఉంగరంలో నిలువెత్తు రాజుగారిని పట్టించాలంటే మాటలా?

ఆ పని చేయగలవాడు కంసాలి అక్కోజు ఒక్కడే అని పేరయ్య సిఫారసు చేశాడు. నగిషీ చెక్కడంలో అక్కోజుకు సాటి లేడు. నోటి దురుసులోనూ లేడు.

చెక్కుతున్నన్నాళ్ళూ పేరయ్య రోజూ వెళ్ళి అతని కొలిమి దగ్గర కూర్చునేవాడు. అక్కోజు ఉంగరాన్ని కర్ర మొనన కరిగించిన లక్కలో కదలకుండా బిగించి, చీరణం పిడిని అరచేతికి ఆనించి, బొటనవేలు అడ్డంపెట్టి, ఊపిరి బిగబట్టి తోసేవాడు. చీరణం అంటే పనిముట్లన్నిటిలోకీ చిన్నదైన ఉలి. దాని మొన ముందు బంగారం వెంట్రుకలా చుట్టలు తిరిగి లేచేది. నాలుగు గీతలు గీయగానే ఆగి, నూనె చుక్క వేసిన సానమీద మొనను మళ్ళీ నూరుకునేవాడు. మొన మొద్దుబారితే గీత పడాల్సిన చోట గాటు పడుతుందట.

నోరు ఊరుకోని పేరయ్య ఒకరోజు, ఉంగరం మీది బొమ్మలో రాజుగారు ఎడమచేత్తో దానం చేస్తున్నారేమిటని అడిగాడు. అక్కోజు తల ఎత్తకుండానే మెత్తటి లక్కముద్ద మీద ఉంగరం అద్ది అతని ముందుకు తోశాడు. లక్క మీద రాజుగారు కుడిచేత్తో దానం చేస్తున్నారు.

"ముద్ర చూసుకోడానికి కాదయ్యా, వెయ్యడానికి. కుడిగా పడాలంటే ఎడమగా చెక్కాలి. ఇంత బుర్రతో కొలువులో ఎలా నెగ్గుకొస్తున్నావో" అని నాలుగు చీవాట్లు కూడా పెట్టాడు. పేరయ్య ఆ పూటకి నోరు మూసుకున్నాడు.

నిండు కొలువులో ఉంగరం రాజుగారి చేతికి అందింది. ఆయన దాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని చూశారు. మీసం అదిరింది. మొహం కందగడ్డ అయింది. మన ఇళ్ళలో ఎడమచేత్తో తమలపాకు ఇచ్చినా అవతలివాడు పుచ్చుకోడు. అలాంటిది మహారాజు ఎడమచేత్తో దానం చేయడమా?

అక్కోజు చేతులు కట్టుకుని ఊరుకుంటే పోయేది. "ఒకసారి ముద్ర వేసి చూడండి ఏలినవారూ. చూడకుండానే కోప్పడటం దేనికి?" అన్నాడు. పేరయ్య గట్టిగా దగ్గాడు గానీ ఆ మాటను కప్పేంత దగ్గు అతని దగ్గర లేదు.

"ఈ అప్రదిష్టను నా చేత్తో నేనే వేసి లోకానికి చూపించాలా?" అన్నారు రాజుగారు. "బొమ్మలో నా కుడిచేతి పని ఎడమచేతికి అప్పగించాడు. వీడికి మాత్రం కుడిచెయ్యి ఎందుకు? తీసేయండి. వీడి పక్షాన ఎవరు నోరు విప్పినా వాళ్ళ చెయ్యీ పోతుంది."

మంత్రిగారు తలపాగా జారిపోయేటంత గట్టిగా తలూపారు. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు.

పేరయ్య అక్కోజు కుడిచేతికేసి చూశాడు. వెంట్రుకవాసి తేడా రాకుండా బంగారాన్ని లొంగదీసే చెయ్యి అది. దాన్ని కొలువుకు తెచ్చింది తను. ఉన్నమాట చెబితే తన చెయ్యీ పోతుంది, అతని చెయ్యీ దక్కదు. అక్కోజు తరఫున ఒక్క ముక్క అనకూడదు. సరే, అననే అనకూడదు అనుకుని లేచాడు.

ఇంత పెద్ద నేరానికి నోటిమాటతో శిక్ష వేస్తే చాలదని, వీడు చేసిన ద్రోహమేమిటో వివరంగా తాటాకు మీద రాయిస్తే ముందుతరాలకు బుద్ధి వస్తుందని మనవి చేశాడు. రాజుగారికి ఆ మాట నచ్చింది. వెంటనే లేఖకుణ్ణి పిలిచి, ఒక్కో మాటా నొక్కి పలుకుతూ రాయించారు: "ఈ ముద్రయందు ప్రభువువారు ఎడమచేత దానమిచ్చుచున్నట్లు చెక్కినందున, అక్కోజు కుడిచెయ్యి నేటినుంచి ప్రభువువారి వశము." అక్కోజు పేరయ్యను కాల్చేసేటట్టు చూశాడు. పేరయ్య అటు చూడలేదు.

తలారి గంటన్నను పిలిచారు. అతను ఆకు అందుకోలేదు.

"ముద్ర లేందే ముట్టుకోను మారాజా. తమరి తాతగారు పెట్టిన కట్టుబాటు" అన్నాడు. చదువురాని తలారి ముద్రలో ఏముందో నలుగురిలో పైకి చెప్పి, ఆ తర్వాతే ఆజ్ఞ పుచ్చుకోవాలన్నది ఆ రోజుల్లో నియమం.

పాత ముద్ర వేద్దామని మంత్రిగారు సలహా ఇచ్చారు. పాత ముద్రే కరిగి ఈ కొత్త ఉంగరం అయిందని ఎవరో గుర్తుచేశాక కూర్చున్నారు. రాజుగారు ఇరుకున పడ్డారు. వెయ్యనన్న ముద్ర వేస్తే గానీ శిక్ష సాగదు.

"ఈ ఒక్కసారికీ వేయండి ప్రభూ" అన్నాడు పేరయ్య వినయంగా. "ముద్రలో ఎడమచెయ్యి ఎందుకుందో పైన రాసే ఉంది కదా. ఎవరూ తప్పుగా అనుకోరు."

లేఖకుడు ఆకుకు కట్టిన దారంమీద ఎర్రటి లక్క కరిగించి పోశాడు. రాజుగారు చేదు మందు మింగేవాడిలా మొహం పక్కకు తిప్పుకుని ఉంగరం అద్దారు.

గంటన్న ముద్రను వెలుతురుకేసి పట్టుకున్నాడు. "మారాజు నిలబడి దానం చేస్తన్నారు" అన్నాడు. ఇంకొంచెం పరకాయించి చూసి, "కుడిచేత్తో" అన్నాడు.

"సరిగ్గా చూడు" అని గద్దించారు రాజుగారు.

గంటన్న తన చేతులు రెండూ చాపుకుని, వాటినీ ముద్రనీ మార్చి మార్చి చూశాడు. "అన్నం తినే చెయ్యే మారాజా. ఇందులో అనుమానం లేదు."

రాజుగారు సింహాసనం దిగి వచ్చి ఆకు లాక్కున్నారు. లక్కను చూశారు. ఉంగరాన్ని చూశారు. మళ్ళీ లక్కను చూశారు.

అప్పుడు పేరయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, ఆకు మీద రాత మీ నోటిమాట. కింద ముద్ర మీ చేతిమాట. నోరు ఎడమ అంటోంది, చెయ్యి కుడి అంటోంది. రాత నిజమైతే ముద్ర తప్పు, తప్పుడు ముద్ర పడ్డ ఆజ్ఞ తలారి పుచ్చుకోడు. ముద్ర నిజమైతే అక్కోజు చేసిన తప్పే లేదు. దేన్ని నమ్మమంటారో సెలవియ్యండి. అక్కోజు పక్షాన నేను ఒక్క మాటా అనలేదు."

రాజుగారు ఆకును చేతిలో అటూ ఇటూ తిప్పారు. ఉన్నట్టుండి ఆయన మీసం కింద ఏదో కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. చివరికి కొలువు దద్దరిల్లేలా నవ్వారు.

"నా చేత్తోనే నా నోరు మూయించావు పేరయ్యా" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ముద్రే నిజం. తప్పు చెక్కిన కంసాలిది కాదు, చూసిన కన్నుది." ఆయన తన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. పేరయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

"అయితే ఒకటి" అని రాజుగారు గొంతు సవరించుకున్నారు. "ముద్ర పడ్డ ఆజ్ఞ వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు. ఆ కుడిచెయ్యి నా వశం కావాల్సిందే. కోస్తే ఎందుకూ కొరగాదు కాబట్టి, మనిషితో సహా తీసుకుంటున్నాను. నేటినుంచి ఇతను ఆస్థాన శిల్పి."

ఆ మాట అని తన చేతి బంగారు కంకణం తీసి పేరయ్యకు తొడిగారు. అక్కోజుకు పట్టుశాలువా కప్పించారు.

ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగితే, అక్కోజు శాలువా సర్దుకుంటూ, "ఒక్కటే ఏలినవారూ. పని ముగిసేదాకా వచ్చి చూడకూడదు" అన్నాడు. పేరయ్య దగ్గబోయాడు. ఈసారి ఆ అవసరం రాలేదు, రాజుగారు అప్పటికే మళ్ళీ పగలబడి నవ్వుతున్నారు.

ఆ సాయంత్రం అక్కోజు నడివీధిలో, అందరూ చూస్తుండగా, రెండు చేతులూ ఊపుకుంటూ ఇంటికి వెళ్ళాడు.