గుత్తి నుంచి వచ్చిన లింకు

నూరుల్లాకి అనుమానం ఎక్కువ. టీలో పంచదార తగ్గితే, కొట్టువాడు తన గ్లాసులోనే కావాలని తగ్గించాడనుకునే రకం. ఆదోనిలో ఇల్యాస్ షా అనే సూఫీ గురువుకి శిష్యుడు. గురువు ఏళ్ల తరబడి చెప్పిన మాటలన్నీ తెలుగులో రాసి, ఒక వెబ్‌సైటులో పెట్టాడు. పాపం, చాలా కష్టపడ్డాడు. కానీ ఆ సైటు ఎవరి కంటా పడటం లేదు.

సెర్చ్‌లో ఏం వెతికినా గుత్తిలోని మరో గురువు సైటే ముందు వస్తోంది. దాన్ని నడిపేది ఆయన శిష్యుడు షర్ఫుద్దీన్. వేరే సైట్లు మనవైపు ఇచ్చే లింకుల్ని బ్యాక్‌లింకులంటారని, ఎవరెవరు మనవైపు చూపిస్తున్నారో చూసి సెర్చ్ ఇంజిన్ మన పరపతి లెక్కగడుతుందని నూరుల్లాకి తెలుసు. షర్ఫుద్దీన్ ఆ లింకులు కొనే ఉంటాడని అతని గట్టి నమ్మకం. తన సైటుకి ఉన్న ఒకే ఒక్క లింకు కూడా గుత్తి నుంచే వచ్చింది. అది ఎగతాళికే అయ్యుంటుందని తెరిచి చూడలేదు.

ఈలోగా ఒక ఏజెంటు ఫోన్ చేశాడు. వారంలో వేల సైట్లు మీ పేరు చెప్పేలా చేస్తానన్నాడు. అవి డబ్బిచ్చి కొన్న లింకులని సెర్చ్ ఇంజిన్ పసిగడితే సైటు ఉన్న చోటు నుంచి కూడా మాయమైపోతుందని నూరుల్లా విన్నాడు. అప్పుడు గురువు మాటలు ఇక ఎవరికీ దొరకవు. అయినా షర్ఫుద్దీన్ మీద ఉక్రోషం కొద్దీ సరే చెప్పేద్దామనుకుని, గురువు అనుమతి కోసం వెళ్లాడు.

గురువు అంతా విన్నారు. ఆగిపోయిన గోడగడియారం దించి అతని చేతిలో పెట్టారు.

"ముందు దీన్ని బాగుచేయించుకురా బేటా. మంచి పనివాడెవరో నలుగుర్నీ అడుగు."

బస్టాండు దగ్గర ఆటో అతన్ని అడిగాడు. లాడ్జి గుమాస్తానీ, కిళ్లీకొట్టు ఆమెనీ అడిగాడు. ముగ్గురూ మెయిన్ రోడ్డు మీది ఒకే షోరూం పేరు చెప్పారు. "వాళ్ల చెయ్యి పడితే చాలు, కొత్తదైపోతుంది" అని ముగ్గురూ ఒకే పాఠం అప్పజెప్పారు. నూరుల్లాకి ఒళ్లు మండింది. వీళ్లకి అక్కడి నుంచి ఏదో ముడుతోందని అర్థమైపోయింది. అటు కన్నెత్తి కూడా చూడకుండా, మార్కెట్టు మూలనున్న చిన్న వాచీల కొట్టుకి వెళ్లాడు.

కొట్టు యజమాని నాగప్ప గడియారం వెనక మూత తీసి చూసి, మళ్లీ బిగించేశాడు.

"ఇది నాతో కాదు భాయ్. మాకు చేతకానివన్నీ మస్తాన్ దగ్గరికే పంపుతాం. బట్టల బజారు ఎనక సందులో ఉంటాడు. బోర్డు ఉండదు, అడిగి పో."

ఇందులో ఏం మతలబు ఉందోనని నూరుల్లా అతని మొహంలోకి కాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు. నాగప్ప అప్పటికే ఇంకో వాచీ చేతిలోకి తీసుకున్నాడు.

సాయంత్రానికి గడియారం నడుస్తూ తిరిగొచ్చింది. గురువు జరిగిందంతా చెప్పించుకుని, ముగ్గురు చెప్పిన షోరూంకి ఎందుకు పోలేదని అడిగారు.

"వాళ్లది అద్దె మాట హజ్రత్. నాగప్పది అలా కాదు. అతనూ అదే పని చేసేవాడే. వచ్చిన బేరం వదులుకుని మరీ పంపాడు."

ఆ మాట అంటూండగానే, ఏజెంటుకి ఏం చెప్పాలో నూరుల్లాకి తెలిసిపోయింది. కానీ లోపలి ముల్లు మాత్రం అలాగే ఉంది. మరి షర్ఫుద్దీన్ సంగతేమిటని అడిగాడు.

"ఆ అబ్బాయి రాసింది ఎప్పుడైనా చదివావా?"

తిట్టుకోవడమే గానీ చదివింది లేదు. నూరుల్లా అక్కడే ఫోన్ తీసి, గుత్తి నుంచి వచ్చిన ఆ లింకు పట్టుకుని వెళ్లాడు. తప్పు పట్టాలనే చదవడం మొదలుపెట్టాడు. అది ఓర్పు గురించిన పేజీ. చివర షర్ఫుద్దీన్ ఇలా రాశాడు: "ఈ విషయం మాకంటే ఆదోని ఇల్యాస్ షా వారు బాగా చెప్పారు. అక్కడికి వెళ్లి చదవండి."

నూరుల్లా చెవులు సిగ్గుతో వేడెక్కాయి. తల ఎత్తకుండానే ఆ మాటలు గురువుకి చదివి వినిపించాడు.

గురువు గడియారాన్ని గోడకి తగిలించి, దానికి కీ ఇస్తూ అడిగారు.

"నీ సైటుకి వచ్చినవాణ్ని నువ్వు ఎవరి దగ్గరికి పంపిస్తావు బేటా?"

నూరుల్లా తన పేజీలన్నీ మనసులో తిరగేసుకున్నాడు. ఒక్క పేరూ దొరకలేదు.