కామగ్వే బాన వినాయకుడు

క్యూబా దేశంలో కామగ్వే అనే పట్టణం ఉంది. అక్కడ ఒక ఇంటి నడిమి వాకిట్లో వెలసిన స్వామికి బాన వినాయకుడని పేరు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నీలిరంగు తలుపు దాటగానే రాళ్ళు పరిచిన వాకిలి, అందులో సగం భూమిలోకి దిగిన పెద్ద మట్టి బాన కనిపిస్తాయి. నీటి ఎద్దడి రోజుల్లో ఆ ఊరివారు ఇంటింటా వాన నీళ్ళను ఇలాంటి బానల్లోనే పట్టుకునేవారు. ఈ బాన పొట్ట మీద ఒక పగులు తొండంలా ఎడమకు వంగి ఉంటుంది. దర్శనానికి వచ్చినవారు ముందుగా గడపలో నిలబడి "ఉల్తిమో?" అని అడగాలి. అంటే "చివర ఎవరు?" అని. ఇదేం మంత్రమని కొత్తవారు నవ్వుకుంటారు. కథ విన్నాక నవ్వరు.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే కృతయుగం అనుకునేరు, మన తాతల కాలం కూడా కాదు, వీరభద్రం అనే గోదావరి జిల్లా ఇంజనీరు చక్కెర మిల్లులో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. పని ముగిశాక భార్య భ్రమరాంబను రప్పించుకుని, ఊరు చూపిస్తానని ఈ ఇంట్లోనే అద్దె గదిలో దిగాడు. ఇంటావిడ మిలాగ్రోస్ అనే ముసలమ్మ. దిగిన మర్నాడే ఆయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. పేటలోని వైద్యుడు వచ్చి, చూసి, మందు రాసిచ్చి వెళ్ళాడు. "సాయంత్రంలోగా ఈ మందు పడాలట. లేకపోతే ఆసుపత్రిలో చేర్చాలట" అని ఆయన మాటలను వీరభద్రమే మూలుగుతూ భార్యకు తెలుగులో చెప్పాడు. మిలాగ్రోస్ కాళ్ళ వాపుతో గడప దాటలేదు. ఆ ఊరి భాష వచ్చినవాడు కాస్తా మంచమెక్కాడు. ఇక మిగిలింది భ్రమరాంబే.

మందుల కొట్టు దగ్గర ఆమెకు వరస కనిపించలేదు. జనం మాత్రం ఉన్నారు. మెట్ల మీద కొందరు, ఎదుటి అరుగు నీడలో కొందరు కబుర్లలో ఉన్నారు. వరస లేనప్పుడు మన వాళ్ళు ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. నేరుగా వెళ్ళి కిటికీలో చెయ్యి పెట్టింది. అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా కేకలు లేచాయి. హడలిపోయి గోడ వారగా నిలబడింది. కొత్తగా వచ్చినవాళ్ళు గాలిలోకి ఏదో ఒక మాట విసిరి, ఎవరో చెయ్యెత్తగానే హాయిగా నీడకు పోయి కూర్చుంటున్నారు. ఆ తర్వాత ఆమెకంటే ముందే మందులు పట్టుకుని వెళ్ళిపోతున్నారు. వీళ్ళ కళ్ళకు తను మనిషిలాగా కనబడటం లేదు కాబోలు అనుకుందామె. మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ మూసేశారు.

"దొరికిందా?" అన్నాడు వీరభద్రం కళ్ళు తెరవకుండానే.

"దొరుకుతుంది లెండి" అంది ఏడుపు దిగమింగి.

వాకిట్లోకి వచ్చి, బానలో గుడ్డ తడిపి ఆయన నుదుట వేసి, మళ్ళీ వచ్చి ఆ బానకే చేరగిలబడింది. విఘ్నాలు తొలగించే స్వామివి, ఈ ఊరు నీకు తెలియదా అని నిష్ఠూరమాడింది. అలసటకు రెప్పలు వాలాయి. కలలో బాన పొట్ట కదిలింది. లోపలి నుంచి అచ్చం వాళ్ళ ఊరి యాసలోనే మాట వినిపించింది.

"పొద్దుటి నుంచీ నిలబడ్డావు సరే అమ్మాయ్, ఎవర్నైనా అడిగావా? వచ్చినోళ్ళంతా అడుగుతున్న ఆ మాట నీ చెవిన పళ్ళేదా? నువ్వూ అడుగు మరి. అడక్కుండా చోటెవరిస్తారే?"

ఉలిక్కిపడి లేచి, కొట్టు దగ్గరికి పరుగెత్తింది. "ఉల్తిమో?" అంది. గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన పేరు యుసేబియో. కాసేపటికి ఇంకొకావిడ వచ్చి అదే మాట అడిగితే భ్రమరాంబ చెయ్యెత్తింది. అప్పుడామెకు కళ్ళు చెమర్చాయి. పొద్దుటి నుంచీ పరాయిగా ఉన్న ఊళ్ళో తనకంటూ ఒక చోటు దొరికింది.

ఎంతసేపు నిలబడతావు, అలా తిరిగి రా, నీ చోటెక్కడికీ పోదని యుసేబియో సైగ చేశాడు. సరేనని రొట్టె కోసం వెళ్ళింది. అక్కడా అదే ప్రశ్న, అదే చెయ్యెత్తడం. రొట్టె చంకన పెట్టుకుని, దారిలో చర్చి కనబడితే ఏ దేవుడైతేనేం అని దణ్ణం పెట్టుకుంది. ఒక కూడలిలో కబుర్లాడుకుంటున్న ఆడవాళ్ళ విగ్రహాలున్నాయి. వాళ్ళ పక్కనే ఒక ఖాళీ కుర్చీ కూడా ఉంది. కాళ్ళు లాగి అందులో కూర్చుంది. లేచాక దారి తప్పింది. సముద్రపు దొంగలు తికమకపడాలని కట్టారని ఊరివారు చెప్పుకునే వంకర సందులవి. ఏ సందులో దూరినా మరో సందే వచ్చింది. పొద్దు వాలుతోంది. మందు అందక ఆయన్ని ఆసుపత్రికి మోసుకుపోతున్నట్టు కళ్ళకు కట్టి, ఆమె వగరుస్తూ పరుగెత్తింది.

చివరికి కొట్టు కనబడేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. యుసేబియో ఒక్కడే కిటికీ తలుపు పడకుండా మోచెయ్యి ఆన్చి నిలబడి ఉన్నాడు. ఆమె వెనక ఉన్నవాళ్ళందరినీ ముందుకు పంపించి, తన మందు కూడా తీసుకోకుండా ఆగాడు. లోపలి మనిషి విసుక్కుంటుంటే ఒకటే మాట చెప్పాడట. "నా వెనక ఒకావిడ ఉంది. ఆవిడ రాందే నేను కదలను."

తెల్లవారేసరికి జ్వరం దిగింది. పొరుగువారి ద్వారా తెలిసిన యుసేబియో మాటను మిలాగ్రోస్ నోట విని, వీరభద్రం భార్యకు తెలుగులో చెప్పాడు. ఆపైన "నన్నిక్కడ పడేసి ఊరంతా చూసొచ్చావన్నమాట" అన్నాడు. "చూడటమేమిటండీ, ఊరే నన్ను తిప్పి తిప్పి చూపించింది" అందామె.

స్నానం చేసి బానకు పసుపు రాస్తుంటే చేతికి ఆ పగులు తగిలింది. అది తన అమ్మమ్మ నాటి నుంచీ ఉందని మిలాగ్రోస్ అంది. ఉండే ఉంటుంది, నాకు ఇవాళ కనబడిందని భ్రమరాంబ బొట్టు పెట్టింది. యుసేబియోను పిలిచి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుపడిపోయాడు. తను దేవుణ్ణి కాదనీ, మోకాళ్ళ నొప్పికి మందు కోసం వచ్చినవాణ్ణనీ బతికినన్నాళ్ళూ చెప్పాడట. భక్తులు మాత్రం ఆయన మాట నమ్మలేదు.

నేటికీ ఇక్కడ ఆచారం తప్పలేదు. నైవేద్యం రొట్టె, బెల్లం. వాకిట్లో ఎవరూ లేనప్పుడు వచ్చినవారు "ఉల్తిమో?" అంటే, మిలాగ్రోస్ మేనకోడలు బాన అంచు మీద తట్టి స్వామిని చూపిస్తుంది. ఎక్కడైనా తొలి పూజ అందుకునే స్వామి ఇక్కడ అందరికంటే చివర నిలబడ్డాడు. పొద్దువాలాక ఆఖరున వెళ్ళే భక్తుడు బానను తాకి "నా వెనక ఒకరున్నారు స్వామీ" అని చెప్పాలి. పరాయి ఊళ్ళో జబ్బుపడ్డవారికి, దారి తప్పినవారికి ఈ స్వామి తోడుంటాడని నమ్మకం. మీరు రావడం ఆలస్యమైనా కంగారుపడకండి. మీరొస్తారని నిన్న సాయంత్రమే ఎవరో స్వామికి చెప్పి వెళ్ళారు.